నోటి మాటకు ఫీజు కట్టవద్దు

(ఇంటర్మీడియెట్ ఫలితాల అనంతరం విజయనగరంలో జరిగిన తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము వక్తలము కాము. మూడు దశాబ్దాలకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా ఫైళ్ళు నడిపి విశ్రాంతి పొందిన వారము. అందుచేత మా మాటలలో ఆవేశం కన్నా కాగితాల ప్రస్తావనే ఎక్కువగా ఉంటుంది. దయచేసి సహించండి.

ఫలితాలు వచ్చిన మరునాటి నుండి మన ఇళ్ళకు కరపత్రాలు రావడం మొదలైనది. జుమా నమాజు ముగిసి బయటకు వస్తే మస్జిదు గేటు దగ్గర ఒక కుర్రవాడు రంగుల కాగితం చేతిలో పెడుతున్నాడు. నూరు శాతం ఉద్యోగం, నూరు శాతం ఫీజు రీయింబర్స్‌మెంటు, ప్రభుత్వ గుర్తింపు అని అందులో అచ్చయి ఉంటుంది. ఈ మాటలలో ఏది నిజం, ఏది కాదు, అబద్ధమని తేలినప్పుడు చట్టం మనకు ఏ మేరకు అండగా నిలుస్తుంది అన్నదే నేటి విషయం. అంతకు ముందు ఒక ఫైలు సంగతి చెప్పనివ్వండి.

మా ఉద్యోగ జీవితంలో ఎక్కువ కాలం ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షనులో గడిచింది. ఉద్యోగంలో చేరినవారి సర్టిఫికెట్లు అసలైనవేనా అని ఆయా విశ్వవిద్యాలయాలకు లేఖ రాసి, జవాబు తెప్పించి ఫైలులో పెట్టడం మా సీటు పని. ఒకసారి మన వారి బిడ్డ ఫైలు మా బల్ల మీదికి వచ్చింది. తండ్రి సర్వీసులో ఉండగానే మరణించాడు. కారుణ్య నియామకం కింద కుర్రవానికి జూనియర్ అసిస్టెంటు ఉద్యోగం ఇచ్చి, గడువులోగా డిగ్రీ పూర్తి చేయాలని షరతు పెట్టారు. ఇంట్లో తల్లి, ఇద్దరు చెల్లెళ్ళు. పగలు ఉద్యోగం, రాత్రి చదువు. ఆ సమయంలో ఒక స్టడీ సెంటరు వారు ఉత్తరాది విశ్వవిద్యాలయం పేరు చెప్పి, ఉద్యోగస్థులకు ప్రత్యేక సౌకర్యమని, ఏడాదిన్నరలో డిగ్రీ చేతికి వస్తుందని కరపత్రం ఇచ్చారు. అతడు ఫీజు కట్టాడు, ఒక అద్దె హాలులో పరీక్షలు రాశాడు, పట్టా తెచ్చి కార్యాలయంలో ఇచ్చాడు.

విశ్వవిద్యాలయం నుండి జవాబు రావడానికి నాలుగు నెలలు పట్టింది. అందులో రెండే వాక్యాలు. ఆ ఊరిలో తమకు ఏ అధ్యయన కేంద్రమూ లేదు. ఆ సంఖ్యతో తాము ఏ పట్టానూ జారీ చేయలేదు.

నియమం ప్రకారం నోటు పెట్టవలసినది మేమే. బోగస్ సర్టిఫికెట్ సమర్పించినందున సదరు ఉద్యోగిపై క్రమశిక్షణ చర్య తీసుకోవచ్చునని, పోలీసులకు ఫిర్యాదు చేయవచ్చునని రాశాము. ఆ వాక్యం నేటికీ ఆ ఫైలులో మా చేతిరాతలోనే ఉన్నది. ఆ సాయంత్రం అతడు మా ఇంటికి వచ్చాడు. "చాచా, నేను డబ్బు కట్టాను, పుస్తకాలు చదివాను, పరీక్ష రాశాను. నేను దొంగనా?" అని అడిగాడు. ఏడాదిన్నరలో డిగ్రీ ఎలా వస్తుందని నీకు అనుమానం కలగలేదా అని మేము తిరిగి అడిగాము. కలిగిందని ఒప్పుకున్నాడు. గడువు ముంచుకొస్తున్నందున ఆ అనుమానాన్ని పక్కన పెట్టానన్నాడు. చివరకు పై అధికారి దయతలచి, కేసు పెట్టకుండా అటెండరు స్థాయికి దించి కొనసాగనిచ్చారు. ఆ స్టడీ సెంటరు గదికి తాళం పడింది. ఫైలు మొదటి పేజీ నుండి చివరి పేజీ వరకు తిరగేస్తే మోసపోయినవాని పేరే ఉంటుంది కాని, మోసం చేసిన సంస్థపై ఒక్క మెమో కూడా లేదు.

ఆ ఫైలు మూసిన నాటి నుండి, బిడ్డను ఎక్కడ చేర్చాలని ఎవరు అడిగినా మేము ముందు కాగితాలు అడుగుతున్నాము.

కళాశాలల మోసం చాలావరకు పచ్చి అబద్ధంగా ఉండదు. సగం నిజంగా ఉంటుంది. పట్టుకోవడం కష్టమయ్యేది అందువల్లనే. "ప్రభుత్వ రిజిస్టర్డ్" అని కరపత్రంలో ఉంటుంది. నిజమే, ఆ సంస్థను నడిపే సొసైటీయో ట్రస్టో రిజిస్ట్రారు కార్యాలయంలో నమోదై ఉంటుంది. మన ఊరి క్రికెట్ సంఘం కూడా అలాగే నమోదవుతుంది. దానికీ పట్టా ఇచ్చే అధికారానికీ సంబంధం లేదు. "ఐఎస్ఓ సర్టిఫైడ్" అని ఉంటుంది. అది నిర్వహణ పద్ధతికి ఒక ప్రైవేటు సంస్థ ఇచ్చే ధ్రువపత్రం. బిస్కెట్ల ఫ్యాక్టరీకి కూడా ఇస్తారు. "అనుబంధానికి దరఖాస్తు చేయబడినది" అని చిన్న అక్షరాలలో ఉంటుంది. దరఖాస్తు చేయడానికి ఎవరి అనుమతీ అవసరం లేదు కదా!

ఇంకొక సగం నిజం ఉన్నది. చదువుకున్నవారు కూడా ఇక్కడే బోల్తా పడుతున్నారు. కళాశాలకు గుర్తింపు ఉండడం వేరు, మీ బిడ్డ చేరే కోర్సుకు ఉండడం వేరు, ఆ కోర్సుకు ఈ సంవత్సరానికి ఉండడం వేరు. ఇంజినీరింగ్ వంటి సాంకేతిక విద్యకు ఏఐసిటిఇ ఇచ్చే ఆమోదంలో ఏ కోర్సు, ఎన్ని సీట్లు, ఏ విద్యా సంవత్సరం అన్నవి విడివిడిగా ఉంటాయి. నాలుగేళ్ళ కిందటి ఆమోద పత్రం ఫొటో కట్టి గోడకు తగిలిస్తే చూసేవారికి ఆ తేదీ కనబడదు. నర్సింగ్ చదివిన అమ్మాయి పేరు రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్టరులో ఎక్కకపోతే, ఆమె మూడేళ్ళు చదివినా నాలుగేళ్ళు చదివినా చట్టం దృష్టిలో నర్సు కాదు.

ఇక చట్టం సంగతి. యుజిసి చట్టం 1956లో వచ్చింది. దాని 22వ సెక్షను ప్రకారం డిగ్రీ ఇచ్చే హక్కు ముగ్గురికే ఉన్నది. కేంద్ర లేదా రాష్ట్ర శాసనం ద్వారా ఏర్పడిన విశ్వవిద్యాలయం, డీమ్డ్ హోదా పొందిన సంస్థ, పార్లమెంటు ప్రత్యేకంగా అధికారమిచ్చిన సంస్థ. మిగిలినవారెవరూ ఇవ్వకూడదు. 23వ సెక్షను ప్రకారం శాసనం ద్వారా ఏర్పడని సంస్థ తన పేరులో విశ్వవిద్యాలయమన్న మాటను కూడా వాడరాదు. ఇంతవరకు బాగానే ఉన్నది. ఉల్లంఘిస్తే శిక్ష ఏమిటని 24వ సెక్షను తిప్పి చూస్తే, వెయ్యి రూపాయల వరకు జరిమానా! 1956లో వెయ్యి రూపాయలంటే ఒక గుమాస్తాకు చాలా నెలల జీతం. నేడు ఒక్క విద్యార్థి కట్టే దరఖాస్తు రుసుముకు కూడా కొన్నిచోట్ల చాలదు. కంచె బలంగా కట్టి, దూకినవానికి రూపాయి జుల్మానా వేసినట్లున్నది ఈ వ్యవహారం.

నకిలీ విశ్వవిద్యాలయాల జాబితాను యుజిసి తన వెబ్‌సైటులో ప్రకటిస్తూ వస్తున్నది. ఆంధ్రప్రదేశ్ కింద అందులో రెండు పేర్లు ఏళ్ళ తరబడి కనబడుతున్నాయి. ఒకటి గుంటూరులోని క్రైస్ట్ న్యూ టెస్టమెంట్ డీమ్డ్ యూనివర్సిటీ, రెండవది మన పక్కనే విశాఖపట్నంలోని బైబిల్ ఓపెన్ యూనివర్సిటీ ఆఫ్ ఇండియా. ఈ పేర్లు చదవగానే సభలో కొందరు చిరునవ్వు నవ్వారు. నవ్వకండి. అదే జాబితాలో కేరళ కింద చూస్తే కోజికోడ్ జిల్లా కున్నమంగళంలోని ఇంటర్నేషనల్ ఇస్లామిక్ యూనివర్సిటీ ఆఫ్ ప్రొఫెటిక్ మెడిసిన్ అన్న పేరున్నది. అలహాబాదుకు చెందిన గాంధీ హిందీ విద్యాపీఠం ఉన్నది. ప్రజలు నమ్మే పేరు ఏదైతే ఆ పేరే బోర్డు మీదికి ఎక్కుతుంది. సరుకులోని లోపాన్ని దాచి అమ్మడం మన ధర్మంలో నిషిద్ధమని ఎరిగినవారమే, బోర్డు మీద మనకు ప్రియమైన పేరు కనబడగానే సరుకు చూడడం మానేస్తున్నాము.

"మైనారిటీ విద్యాసంస్థ" అన్న బోర్డు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. రాజ్యాంగం 30వ అధికరణం మనకు విద్యాసంస్థలు స్థాపించి నిర్వహించుకునే హక్కు ఇచ్చింది. ఆ హక్కు కోసం పెద్దలు ఎంత పోరాడారో ఈ పత్రిక పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. అయితే నిర్వహించే హక్కులో దుర్నిర్వహణ హక్కు ఇమిడి లేదని సుప్రీంకోర్టు 1958లోనే, కేరళ విద్యా బిల్లుపై ఇచ్చిన అభిప్రాయంలో స్పష్టం చేసింది. మైనారిటీ హోదా పత్రం ఉన్నంత మాత్రాన విశ్వవిద్యాలయ అనుబంధం ఉన్నట్లు కాదు. ఆ రెండూ వేర్వేరు కాగితాలు. రెండూ అడిగి చూడండి. మన వారు నడిపే సంస్థను అడగడం అమర్యాద అని సంకోచించకండి. సక్రమంగా నడిపేవారు అడిగితే సంతోషిస్తారు.

డీమ్డ్ విశ్వవిద్యాలయాల దూరవిద్య వ్యవహారంలో 2017 నవంబరు 3న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మా వంటి ఎస్టాబ్లిష్‌మెంటు గుమాస్తాలకు బాగా గుర్తు. ఆ కేసు మన పొరుగున ఉన్న ఒడిశాలోని లిఫ్ట్ ఇరిగేషన్ కార్పొరేషను ఉద్యోగుల పదోన్నతి వివాదంతో మొదలైనది. నాలుగు డీమ్డ్ విశ్వవిద్యాలయాలు ఏఐసిటిఇ అనుమతి లేకుండా దూరవిద్యలో ఇంజినీరింగ్ డిగ్రీలు ఇచ్చాయి. 2001 నుండి 2005 వరకు చేరినవారి డిగ్రీలను కోర్టు సస్పెండు చేసి, ఏఐసిటిఇ నిర్వహించే పరీక్షలో నెగ్గితేనే పునరుద్ధరించాలన్నది. ఆ తరువాత చేరినవారి డిగ్రీలను రద్దు చేసి, కట్టిన ఫీజు తిరిగి ఇవ్వమన్నది. డీమ్డ్ సంస్థలు తమ పేరులో యూనివర్సిటీ అన్న మాటను వాడకుండా చూడమని యుజిసిని ఆదేశించింది. పన్నెండేళ్ళు ఉద్యోగం చేసి, ప్రమోషను పొంది, పిల్లల పెళ్ళిళ్ళు చేసిన మనిషి ఒక ఉదయం తన డిగ్రీ చెల్లదని వార్తాపత్రికలో చదివాడంటే ఆ ఇంటి పరిస్థితి ఊహించుకోండి. ఫీజు తిరిగి ఇస్తే ఆ పన్నెండేళ్ళు తిరిగి వస్తాయా?

ఇంజినీరింగ్, వైద్యం, నర్సింగ్, ఫార్మసీ, ఫిజియోథెరపీ, న్యాయశాస్త్రం వంటి కోర్సులను దూరవిద్యలో నడపడాన్ని యుజిసి 2020 నిబంధనలు అనుమతించవు. ఇంట్లో కూర్చుని బి.ఎస్సి. నర్సింగ్ అని ఎవరైనా చెబితే రెండవ ప్రశ్న వేయనక్కరలేదు.

మోసపోయిన విద్యార్థులు గెలిచిన కేసులు లేవా అంటే ఉన్నాయి. పాట్నాలోని బుద్ధిస్ట్ మిషన్ డెంటల్ కళాశాల వారు తమది మగధ విశ్వవిద్యాలయానికి అనుబంధమని, డెంటల్ కౌన్సిల్ గుర్తింపు ఉన్నదని ప్రకటించి విద్యార్థులను చేర్చుకున్నారు. రెండూ లేవు. విద్యార్థులు జాతీయ వినియోగదారుల కమిషనుకు వెళ్ళారు. ఫీజును వడ్డీతో తిరిగి ఇవ్వమని కమిషను తీర్పు చెప్పింది. 2009లో సుప్రీంకోర్టు దానిని సమర్థించి, పోగొట్టుకున్న విద్యా సంవత్సరాలకు గాను ఒక్కొక్కరికి మరొక లక్ష రూపాయలు ఇవ్వమన్నది. ఆ విద్యార్థులను గెలిపించినది ఆ ప్రకటనే. ప్రకటన అచ్చులో ఉన్నది కనుక కళాశాల కాదనలేకపోయింది.

అయితే ఈ తీర్పు చూపి ప్రతివారూ గెలుస్తారని మేము చెప్పము. విద్య అనేది వినియోగదారుల చట్టం కింద సేవ అవుతుందా కాదా అన్న విషయంలో తీర్పులు రెండు వైపులా ఉన్నాయి. 2010లో మహర్షి దయానంద్ విశ్వవిద్యాలయం కేసులో సుప్రీంకోర్టు కాదన్నది. 2020లో జాతీయ కమిషను విద్యాసంస్థలను చాలావరకు ఈ చట్టం పరిధికి వెలుపల నిలిపింది. కాబట్టి జిల్లా వినియోగదారుల కమిషనుకు వెళ్ళవచ్చు, 5 లక్షల వరకు క్లెయిముకు రుసుము కూడా లేదు, రెండేళ్ళ లోపు వెళ్ళాలి, కాని ఫలితం ముందుగా చెప్పలేము. మోసం చేయాలన్న ఉద్దేశం మొదటి నుండీ ఉన్నదని చూపగలిగితే భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షను కింద పోలీసు కేసు. పాత 420 స్థానంలో 2024 జూలై నుండి వచ్చినది ఇదే.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదారి పట్టించే ప్రకటనలపై చర్యకు కేంద్ర ప్రాధికార సంస్థను ఏర్పరచింది. అది 2020లో పని ప్రారంభించింది. అబద్ధపు ప్రకటనపై 10 లక్షల వరకు, మళ్ళీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా వేయగలదు. వెయ్యి రూపాయలతో పోలిస్తే ఇది కొంత నయం. ఆ సంస్థ 2024 నవంబరు 13న కోచింగ్ కేంద్రాల ప్రకటనలపై మార్గదర్శకాలు ఇచ్చింది. ర్యాంకు వచ్చిన కుర్రవాని ఫొటో వేస్తే అతడు ఏ కోర్సు, ఎంతకాలం చదివాడో చెప్పాలి. అతని అనుమతి ఉండాలి. ఉద్యోగానికి, సీటుకు హామీ ఇవ్వరాదు. ఇంటర్వ్యూకు వారం రోజులు మాత్రమే వచ్చిన వానిని తమ విద్యార్థిగా బోర్డుకెక్కించే ఆచారం మనందరికీ తెలిసినదే.

అమెరికాలో కూడా ఈ పెనుగులాట ఉన్నది. అక్కడి ఫెడరల్ విద్యాశాఖ నిబంధనలు కళాశాల మూడు విషయాలలో విద్యార్థిని తప్పుదారి పట్టించరాదంటాయి. కోర్సు ఎటువంటిది, ఖర్చు ఎంత, చదివిన తరువాత ఉద్యోగావకాశం ఏమిటి. కొరింథియన్ కళాశాలల గొలుసు అబద్ధపు ఉద్యోగ లెక్కలు చూపి 2015లో కూలిపోయింది. 2022లో ఆ ప్రభుత్వం సుమారు 5,60,000 మంది విద్యార్థుల రుణాలను రద్దు చేసింది. మన దేశంలో అటువంటి రుణమాఫీ లేదు. కళాశాల బోగస్ అని తేలినా బ్యాంకు అప్పు అప్పే, తండ్రి పూచీ పూచీయే. అమెరికా పేరు వచ్చింది కనుక ట్రై వ్యాలీ యూనివర్సిటీని కూడా గుర్తు చేయాలి. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ఆ సంస్థపై అక్కడి అధికారులు దాడి చేస్తే, చిక్కుకున్న విద్యార్థులలో అత్యధికులు మన తెలుగు పిల్లలే. కొందరి కాళ్ళకు రేడియో పట్టీలు తగిలించారు. నడిపిన ఆమెకు 2014లో పదహారేళ్ళకు పైగా జైలు పడింది. పిల్లలు మాత్రం అప్పులతో ఇల్లు చేరారు.

మళ్ళీ మన జిల్లాకు వద్దాము. మీలో ఎక్కువమందికి పనికివచ్చేది యుజిసి 2023 ఏప్రిల్‌లో తెచ్చిన విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార నిబంధనలు. ప్రవేశాలు మొదలు కావడానికి కనీసం 60 రోజుల ముందు ప్రతి సంస్థా ప్రాస్పెక్టస్ ప్రచురించాలి. కోర్సుల వారీగా సీట్లు, అర్హతలు, మొత్తం ఫీజు, ఫీజు వాపసు నియమం, బోధించే వారి వివరాలు అందులో ఉండాలి. ప్రాస్పెక్టస్‌లో అబద్ధం ఉంటే అదే ఫిర్యాదుకు కారణం అవుతుంది. చేరిన విద్యార్థే కాదు, చేరగోరే విద్యార్థి కూడా ఫిర్యాదు చేయవచ్చు. ముందు కళాశాలలోని ఫిర్యాదుల కమిటీకి, అక్కడ న్యాయం జరగకపోతే విశ్వవిద్యాలయం నియమించిన అంబుడ్స్‌పర్సన్‌కు. ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టి ఉంచడం కూడా ఈ నిబంధనల కింద తప్పే. సరిచూసుకుని తిరిగి ఇచ్చివేయాలి. ఫీజు వాపసుకు 2018 నాటి లెక్క ఉన్నది. ప్రవేశాల చివరి తేదీకి 15 రోజులు ముందే సీటు వదులుకుంటే ప్రాసెసింగ్ రుసుము మినహా మొత్తం ఇవ్వాలి. ఆ తరువాత రోజులు గడిచేకొద్దీ తగ్గుతూ, చివరి తేదీ దాటి 30 రోజులైతే ఏమీ రాదు. ఇక్కడ ఒక మెలిక గమనించండి. ఈ నిబంధనలన్నీ గుర్తింపు ఉన్న సంస్థలనే కట్టడి చేస్తాయి. బొత్తిగా గుర్తింపే లేని గదికి కమిటీ ఎక్కడిది, అంబుడ్స్‌పర్సన్ ఎక్కడివారు? అక్కడ పోలీసు స్టేషనే దిక్కు.

ఫీజు రీయింబర్స్‌మెంటు పేరుతో జరిగే మాయ వేరు. ఈఏపీసెట్ కౌన్సెలింగు ద్వారా కన్వీనరు కోటాలో సీటు వచ్చినవారికి ఆ సదుపాయం. మేనేజ్‌మెంటు కోటాలో చేరినవారికి వర్తించదు. ఏజెంటు మాత్రం "ముందు మీరు కట్టండి, ప్రభుత్వం వేశాక తిరిగి ఇస్తాము" అంటాడు. బి.సి.-ఇ పత్రం ఉన్నది కదా అని తల్లిదండ్రులు నమ్ముతారు. రిజర్వేషను పత్రం సీటుకు దారి చూపుతుంది కాని, కోటాను మార్చదు. ఒడిశా సరిహద్దు మనకు గంట దూరమే, బెంగళూరుకు రాత్రి రైలు ఉన్నది. పొరుగు రాష్ట్రంలో చేరే ముందు మన రాష్ట్రపు పథకం అక్కడికి వస్తుందా అని సంక్షేమ శాఖ కార్యాలయంలో అడగండి. ఏజెంటును అడగవద్దు.

మైనారిటీ స్కాలర్‌షిప్పుల విషయంలో జరిగినది మరింత బాధాకరం. కేంద్ర మైనారిటీ వ్యవహారాల శాఖ పరిశీలన జరిపించినప్పుడు 1572 సంస్థలలో 830 బోగస్ లేదా పనిచేయనివని తేలినట్లు 2023లో వెల్లడైనది. అయిదేళ్ళలో సుమారు 144 కోట్ల రూపాయలు అలా పోయాయి. కేసు సిబిఐకి అప్పగించారు. మన బిడ్డల పేరుతో మంజూరైన డబ్బు అది. దొంగలు తిన్నారన్న కారణం చూపి పథకాలకే కోత పెడితే ఆ నష్టం కూడా మన బిడ్డలదే. ఇరవై ఏళ్ళు దాటిన ముస్లింలలో డిగ్రీ లేదా డిప్లొమా ఉన్నవారు 4 శాతం కూడా లేరని 2006లో సచార్ కమిటీ చెప్పింది. మన రెండు జిల్లాలలో మనము జనాభాలో ఒక శాతం లోపే. ఇంత చిన్న సమూహంలో ఒక్క బిడ్డ మూడేళ్ళు పోగొట్టుకుంటే ఆ వీధిలో మరి నలుగురు ఆడపిల్లల చదువు ఆగిపోతుంది. "చదివించి ఏమి బావుకున్నారు" అన్న మాట ఒక్కటి చాలు.

ఒకటి దాచకుండా చెప్పాలి. ఏజెంటు ఎక్కడి నుండో ఊడిపడడు. మన బంధువే అవుతాడు, లేదా జమాతులో ముందు వరుసలో నిలిచేవాడే అవుతాడు. ఒక్కొక్క సీటుకు ఇంత అని అతనికి ముడుతుంది. తప్పు అనము, ఎవరి బతుకుతెరువు వారిది. కాని ముట్టినది చెప్పాలి కదా. "భాయ్, ఈ సీటుకు కళాశాల నీకు ఎంత ఇస్తున్నది?" అని నవ్వుతూనే అడగండి. జవాబు కన్నా ముఖం ఎక్కువ చెబుతుంది.

రెండేళ్ళ కిందట ఈ జిల్లాకు చెందిన ఒక దర్జీ సోదరుని కుమార్తె పొరుగు రాష్ట్రపు పట్టణంలో నర్సింగ్‌లో చేరింది. కరపత్రంలో కౌన్సిల్ గుర్తింపు ఉన్నదని అచ్చయి ఉన్నది. ఆరు నెలల తరువాత తెలిసినది ఏమిటంటే, గుర్తింపు అదే ఆవరణలోని వేరొక కోర్సుకు. అమ్మాయి తిరిగి వస్తానంటే ఒరిజినల్స్ ఇవ్వము, మిగిలిన ఏళ్ళ ఫీజు కట్టి తీసుకుపొమ్మన్నారు. తండ్రి మా వద్దకు వచ్చి కూర్చుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. రసీదులు ఉన్నాయా అని అడిగితే తనకు తెలియదన్నాడు. ఆ తల్లికి చదువు రాదు. కాని ఇంటికి వచ్చిన ప్రతి కాగితాన్ని, ఆ రంగుల కరపత్రంతో సహా, ట్రంకు పెట్టెలో నిఖానామా పక్కన పెట్టి ఉంచింది. ఆ కరపత్రం, మూడు రసీదులు, ఏజెంటు పంపిన వాట్సాప్ సందేశాల నకళ్ళు జతచేసి కళాశాలకు, అది చెప్పుకున్న విశ్వవిద్యాలయానికి, అక్కడి జిల్లా కలెక్టరుకు రిజిస్టర్డ్ పోస్టులో లేఖలు పంపాము. అయిదు వారాలలో ఒరిజినల్స్ వచ్చాయి. కట్టిన 1,10,000లో 70,000 తిరిగి వచ్చింది. మిగిలిన దాని కోసం కొట్లాడదామంటే ఆ సోదరుడు "వద్దు పెద్దాయనా, పిల్ల ఇంటికి వచ్చింది, చాలు" అన్నాడు. ఆ నిర్ణయం మాకు నచ్చలేదు. ఇప్పటికీ నచ్చదు. కాని ఆ పిల్ల వారిది. నేడు ఆమె జిల్లాలోనే డిగ్రీ చదువుతున్నది, ఒక సంవత్సరం వెనుకగా.

అందుచేత ఫీజు కట్టక ముందే చేయవలసిన పని మీద మనసు పెట్టండి. కళాశాల ఏ విశ్వవిద్యాలయం పేరు చెబుతున్నదో తెలుసుకోండి. ఆంధ్ర విశ్వవిద్యాలయం విశాఖలో ఉన్నది, అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఎచ్చెర్లలో ఉన్నది, జెఎన్‌టియు గురజాడ ఈ ఊళ్ళోనే ఉన్నది. బస్సెక్కి వెళ్ళి, ఈ కళాశాలలో ఈ కోర్సుకు ఈ సంవత్సరం అనుబంధం ఉన్నదా అని కార్యాలయంలో అడగవచ్చు. నోటితో చెప్పకపోతే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టండి. 30 రోజులలో జవాబు ఇవ్వాలి. ప్రవేశాల హడావుడిలో 30 రోజులు ఎక్కడివని మీరు అడుగుతారు. అందుకే వచ్చే ఏడాది ఇంటర్ పరీక్షలకు ముందే, జనవరిలోనే ఈ దరఖాస్తులు పెట్టాలని కోరుతున్నాము. యుజిసి, ఏఐసిటిఇ వెబ్‌సైట్లలో పేర్లు వెతకడం మీ పిల్లలకే తెలుసు. వారి ఫోనులోనే చూడమనండి. న్యాక్ గ్రేడును మాత్రం తుది మాటగా తీసుకోవద్దు. 2025 ఫిబ్రవరిలో గుంటూరు జిల్లాలోని ఒక డీమ్డ్ సంస్థకు మంచి గ్రేడు కోసం లంచం ఇచ్చిపుచ్చుకున్నారన్న ఆరోపణపై సిబిఐ తనిఖీ బృందం సభ్యులను సైతం అరెస్టు చేసింది.

కళాశాల వారు నోటితో ఇచ్చిన ప్రతి వాగ్దానాన్ని ప్రిన్సిపాలు సంతకం, ముద్రతో లెటరుహెడ్ మీద ఇవ్వమనండి. హాస్టలు ఫీజు ఇంతే, పరీక్ష ఫీజు ఇందులోనే, ఉద్యోగం గ్యారంటీ అని రాసి ఇవ్వమనండి. రాసి ఇవ్వలేమంటే మీకు కావలసిన సమాచారం దొరికినట్లే. రసీదు కళాశాల పేరు మీద ఉండాలి, ట్రస్టు పేరు మీదనో, మనిషి పేరు మీదనో కాదు. డబ్బు బ్యాంకు ద్వారానే కట్టండి. ఒరిజినల్స్ ఇచ్చేటప్పుడు ఏవేవి ఇచ్చారో జాబితా రాసి, అందినట్లు సంతకం తీసుకోండి. తప్పుడు ప్రకటన కనబడితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫోను చేయవచ్చు. తెలుగులోనూ మాట్లాడతారు.

మేము టైపు చేయించి తెచ్చిన నమూనా దరఖాస్తులు ఆ మూల బల్ల మీద ఉన్నాయి. సమాచార హక్కు కిందిది ఒకటి, కళాశాలకు ఇవ్వవలసిన లేఖ ఒకటి. ఖాళీలలో పేర్లు నింపితే చాలు. నింపడం రానివారు సిగ్గుపడకండి, మేము కూర్చుని నింపుతాము, ఆ పని అలవాటే. వచ్చే నెల చివరి వరకు ప్రతి శుక్రవారం జుమా తరువాత మస్జిదు వరండాలో ఉంటాము. వచ్చేటప్పుడు మీకు అందిన కరపత్రం తప్పక తెండి, నలిగినా చిరిగినా పరవాలేదు. ఇప్పుడు మధ్యాహ్న భోజనం వేళ అయినది, పాలకొండ బస్సు రెండున్నరకు ఉన్నది. ప్రశ్నలున్నవారు ముందు వారిని అడగనివ్వండి.